అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పీటీఏ కోర్సు చేద్దామనుకునే తెలుగువాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ల్యాబ్‌లో విద్యార్థులకు నేర్పే మనిషిని కాబట్టి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఎక్కువమంది అడిగేవి ఇక్కడ రాస్తున్నాను. వీసా, ఫీజుల సంగతులు కూడా ఉన్నాయి కానీ, ఎక్కువ చోటు చదువుకే ఇచ్చాను. చేరాక ఇబ్బంది పడేది అక్కడే.

పీటీకి, పీటీఏకి, ఎయిడ్‌కి తేడా ఏమిటి?

ఫిజికల్ థెరపిస్ట్, అంటే పీటీ, రోగిని మొదట పరీక్షిస్తారు. సమస్య ఏమిటో తేల్చి, ఏ చికిత్స ఎన్ని వారాలు ఇవ్వాలో ప్లాన్ ఆఫ్ కేర్ రాస్తారు. ఆ ప్లాన్ ప్రకారం రోగిని లేపి, నిలబెట్టి, నడిపించి, వ్యాయామాలు చేయించేది ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్, అంటే పీటీఏ. రోగి ఎంతవరకు కోలుకున్నారో కొలిచి రాయడం, ప్లాన్ హద్దుల్లోనే ఆ రోజుకు వ్యాయామం పెంచడం, తగ్గించడం కూడా పీటీఏ పనే. మొదటి పరీక్ష, రోగనిర్ధారణ, ప్లాన్ మార్చడం, చికిత్స ముగించాలని నిర్ణయించడం మాత్రం పీటీవే.

ఎయిడ్ లేదా టెక్ ఉద్యోగం పూర్తిగా వేరు. వాళ్లు బెడ్లు సిద్ధం చేస్తారు, సామాన్లు సర్దుతారు, రోగులను లోపలికి తీసుకొస్తారు. దానికి డిగ్రీ అక్కర్లేదు, లైసెన్స్ ఉండదు, పని చేస్తూనే నేర్చుకుంటారు. పీటీఏకి గుర్తింపు పొందిన కాలేజీ నుంచి అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ల డిగ్రీ, కావాలి, జాతీయ పరీక్ష పాసవ్వాలి, రాష్ట్రం అనుమతి ఇవ్వాలి. అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 1967లో ఈ వృత్తికి ఆమోదం తెలిపింది. 1969లో మొదటి బ్యాచ్ ఫ్లోరిడాలోని మయామీ డేడ్, మినియాపొలిస్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీల నుంచి చదువు ముగించుకుని వచ్చింది.

రెండేళ్ల కోర్సే కదా, తేలికగా అయిపోతుందా?

తేలిక కాదు. సాధారణంగా ఐదు సెమిస్టర్లు ఉంటుంది. అనాటమీ, ఫిజియాలజీ లాంటి ముందస్తు సబ్జెక్టులకు చాలామందికి ఇంకో ఏడాది పడుతుంది. కోర్సులో చేరాక వారానికి ఇన్ని గంటలు క్లాసు, ఇన్ని గంటలు ల్యాబ్ అని కాగితం మీద చూస్తే తక్కువగానే అనిపిస్తుంది. ల్యాబ్‌లో నేర్చుకున్నది చేతికి అలవాటు కావాలంటే ఇంటికొచ్చి మళ్లీ మళ్లీ చేసి చూడాలి. ఆ సమయం టైం టేబుల్‌లో కనిపించదు.

ఇంకో సంగతి. చాలా కాలేజీల్లో ఈ కోర్సులు వరుసక్రమంలో కట్టేసి ఉంటాయి. ఒక సబ్జెక్టులో ఫెయిలైతే తర్వాతి సెమిస్టర్‌లో రాసుకుందాంలే అనుకోవడం కుదరదు. ఆ సబ్జెక్టు మళ్లీ ఏడాదికి గానీ రాదు, జూనియర్ బ్యాచ్‌తో కలిసి చదవాల్సి వస్తుంది. పాస్ మార్కు కూడా చాలాచోట్ల 75 శాతమో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. పూర్తిస్థాయి ఉద్యోగం చేస్తూ ఈ కోర్సు చేద్దామనుకునేవాళ్లకు నేను వద్దనే చెప్తాను. వారాంతాల్లో కాస్త పని చేసుకుంటే సరే.

కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

మొట్టమొదట చూడాల్సింది క్యాప్టీ గుర్తింపు. అమెరికాలో పీటీ, పీటీఏ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ అది. ఆ గుర్తింపు లేని చోట చదివితే లైసెన్స్ పరీక్ష రాయనివ్వరు. కొత్తగా పెట్టిన కోర్సులకు 'క్యాండిడసీ' అనే దశ ఉంటుంది. అంటే గుర్తింపు కోసం ప్రయత్నిస్తున్నారు, ఇంకా రాలేదు అని. అలాంటి చోట్ల చేరినవాళ్లలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. ఒకవేళ గుర్తింపు రాకపోతే మాత్రం నష్టపోయేది విద్యార్థులే. అది తెలిసే చేరాలి.

రెండోది, ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఫలితాల పేజీ. ప్రతి కాలేజీ తన గ్రాడ్యుయేషన్ రేటు, లైసెన్స్ పరీక్ష పాస్ రేటు, ఉద్యోగాల రేటు బయటపెట్టి తీరాలి. క్యాప్టీ లెక్క ప్రకారం రెండేళ్ల సగటున కనీసం 60 శాతం మంది కోర్సు పూర్తి చేయాలి, కనీసం 85 శాతం మంది చివరికి లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. ఇక్కడ చాలామంది పాస్ రేటు ఒక్కటే చూసి మురిసిపోతారు. వంద శాతం పాస్ అని ఉన్నా గ్రాడ్యుయేషన్ రేటు 60ల్లో ఉంటే, చేరిన ప్రతి ముగ్గురిలో ఒకరు మధ్యలోనే వెళ్లిపోతున్నారన్నమాట. ఎందుకు వెళ్లిపోతున్నారో కాలేజీని సూటిగా అడగండి. వెనకబడినవాళ్లకు ట్యూటరింగ్ ఉందా, ల్యాబ్‌ను సాయంత్రాలు ప్రాక్టీసుకు తెరిచి ఉంచుతారా అని కూడా అడగండి. సమాధానం చెప్పే తీరులోనే ఆ కాలేజీ ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

ఖర్చు విషయంలో, మీ జిల్లాలోని కమ్యూనిటీ కాలేజీకి, ప్రైవేటు కాలేజీకి మధ్య తేడా చాలా ఎక్కువ. డిగ్రీ అదే, పరీక్ష అదే, లైసెన్స్ అదే. కమ్యూనిటీ కాలేజీలో సీటుకు పోటీ ఉంటుంది, ఒక ఏడాది ఆగాల్సి రావచ్చు. అప్పు తెచ్చుకునే అవసరం తప్పుతుందంటే ఆ ఏడాది ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో చదవొచ్చా?

థియరీ భాగం ఆన్‌లైన్‌లో పెట్టి, ల్యాబ్‌కు మాత్రం క్యాంపస్‌కు రమ్మనే కోర్సులు ఉన్నాయి. పిల్లలున్నవాళ్లకు అవి బాగా ఉపయోగపడతాయి. ల్యాబ్, క్లినికల్స్ (ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో రోగుల దగ్గర చేసే శిక్షణ) మాత్రం మనిషి ఎదురుగా ఉండి చేయాల్సిందే. 'మొత్తం ఆన్‌లైన్' అని ఎవరైనా చెబితే క్యాప్టీ జాబితాలో ఆ కాలేజీ పేరుందో లేదో చూసుకోండి.

ల్యాబ్‌లో ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేయాలట. నాకు మొహమాటం. ఎలా?

ఈ ప్రశ్న మన అమ్మాయిలు, ముఖ్యంగా పెళ్లయి ఇక్కడికి వచ్చినవాళ్లు, చాలా నెమ్మదిగా అడుగుతారు. అడగడమే మంచిది. అవును, విద్యార్థులు ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేస్తారు. భుజం, వీపు, మోకాలు కనిపించే బట్టలు వేసుకోవాల్సి వస్తుంది. ఎముక అంచు ఎక్కడుందో, కండరం ఎక్కడ మొదలవుతుందో వేలితో వెతికి పట్టుకోవడం నేర్చుకోవాలంటే వేరే మార్గం లేదు.

అయితే ల్యాబ్‌లో మొదట నేర్పేదే కప్పడం. ఏ భాగానికి చికిత్స చేస్తున్నామో అది మాత్రమే కనబడేలా దుప్పటి ఎలా సర్దాలి, తాకే ముందు ఏం చెప్పి అనుమతి తీసుకోవాలి, ఎవరైనా ఇబ్బంది పడుతున్నట్టు ముఖంలో తెలిస్తే ఏం చేయాలి, ఇవన్నీ పాఠంలో భాగమే, వాటికి మార్కులు కూడా ఉంటాయి. మతపరంగా, వ్యక్తిగతంగా ఏదైనా అభ్యంతరం ఉంటే సెమిస్టర్ మొదట్లోనే టీచర్‌కు చెప్పండి. ఆడవాళ్లతోనే జట్టు కట్టించడం లాంటి ఏర్పాట్లు చాలాసార్లు కుదురుతాయి. కానీ ఉద్యోగంలో చేరాక మగ రోగులు, ఆడ రోగులు అందరూ వస్తారు. ఆ సంగతి ముందే మనసులో సర్దుకోవాలి. ఒక మాట మాత్రం చెప్పగలను. మొహమాటపడే విద్యార్థులకు రోగి మొహమాటం తొందరగా అర్థమవుతుంది. ఎదుటివాళ్ల ఒంటిని గౌరవంగా తాకడం వాళ్లకు మిగతావాళ్లకంటే ముందే వస్తుంది.

ప్రాక్టికల్‌లో ఒక్క తప్పుకే ఫెయిల్ చేస్తారట, నిజమేనా?

నిజమే. ప్రతి ప్రాక్టికల్‌లో భద్రతకు సంబంధించిన అంశాలు కొన్ని ఉంటాయి. వీల్‌చెయిర్ బ్రేకులు వేయకుండా రోగిని లేపడం, గెయిట్ బెల్ట్ (పట్టుకోవడానికి రోగి నడుముకు కట్టే పట్టీ) కట్టకుండా నడిపించడం, రోగి పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోకుండా మొదలుపెట్టడం, ఆపరేషన్ తర్వాత కాలు మీద ఎంత బరువు వేయవచ్చో చూడకపోవడం. మిగతాదంతా అద్భుతంగా చేసినా వీటిలో ఒకటి తప్పితే మళ్లీ రాయాల్సిందే. విద్యార్థులు దీన్ని అన్యాయం అనుకుంటారు. బ్రేకు వేయని కుర్చీ వెనక్కి జరిగితే ఎనభై ఏళ్ల మనిషి తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే చాలామంది మునుపటిలా మళ్లీ నడవలేరు. అందుకే అక్కడ సగం మార్కులు ఉండవు.

మెట్లు ఎక్కించడంలో ఎక్కువమంది తడబడతారు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. ఇది అందరికీ నోటికి వస్తుంది. తాము ఎక్కడ నిలబడాలో మాత్రం మర్చిపోతారు. రోగి ఎక్కుతున్నా, దిగుతున్నా మనం కింది మెట్టు వైపే ఉండాలి, అంటే పడితే పట్టుకోగలిగే వైపు. చేతికర్ర కూడా అంతే. బలహీనంగా ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టించాలి. టెన్షన్‌లో నూటికి నూరుపాళ్లు తెలిసిన విషయమే తారుమారవుతుంది. దీనికి మందు ఒకటే. మాట బయటికి చెబుతూ చేయడం. 'ఇప్పుడు బ్రేకులు వేస్తున్నాను, పాదాల పలకలు పక్కకి తీస్తున్నాను' అని నోటితో అంటూ చేసే విద్యార్థి ఏదీ మర్చిపోడు, పైగా రోగికి కూడా ఏం జరుగుతోందో తెలుస్తుంది.

ప్లాన్ అంతా పీటీయే రాస్తే, పీటీఏ ఆలోచించాల్సింది ఏముంటుంది?

ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ రాస్తాను. నన్నడిగితే ఈ చదువు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

పీటీ ప్లాన్ రాసింది సోమవారం. మీరు రోగిని చూస్తున్నది గురువారం. మధ్యలో ఆ మనిషికి ఏం జరిగిందో ప్లాన్‌లో ఉండదు. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన ఆవిడ ఈరోజు పిక్కలో నొప్పిగా ఉందంటారు. చూస్తే ఒక పిక్క రెండోదానికంటే లావుగా, ఎర్రగా, వేడిగా ఉంది. ప్లాన్‌లో 'నడిపించాలి' అని ఉంది. నడిపించకూడదు. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ ఆపి, వెంటనే పీటీకి, నర్సుకు చెప్పాలి. ఆ క్షణంలో రోగి పక్కన ఉన్నది మీరే. గమనించాల్సిందీ మీరే.

ఇంకొకటి. చాలారోజులు మంచం మీదే ఉన్న పెద్దాయనను లేపి కూర్చోబెట్టారు. ఆయన 'బాగానే ఉన్నానమ్మా' అన్నారు. ముఖం పాలిపోయింది, మాట నెమ్మదించింది. బీపీ చూస్తే పై సంఖ్య 20 పాయింట్లు పడిపోయింది. పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ పడిపోతే అది లేవడం వల్ల వచ్చే బీపీ పతనమని పుస్తకంలో చదివే ఉంటారు. కానీ అక్కడ పుస్తకం కంటే ముందు ఆయన ముఖం చెప్పింది. ఆ ముఖాన్ని చదవడం నేర్పడానికే మేం ఇంత కష్టపడతాం.

యంత్రాల విషయంలోనూ ఇంతే. అల్ట్రాసౌండ్ యంత్రంలో 1 మెగాహెర్ట్జ్ పెడితే లోతుకు పోతుందని, 3 పెడితే పైపైనే పనిచేస్తుందని తెలుసుకోవడం తేలికే. క్యాన్సర్ ఉన్న చోట, గర్భిణి పొత్తికడుపు మీద, స్పర్శ తెలియని చర్మం మీద అది పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు చికిత్స విషయంలో ఎంత జాగ్రత్త పడాలో కూడా తెలిసి ఉండాలి. మొదలుపెట్టే ప్రతిసారీ ఇవి అడగాలి. నిన్న అడిగాం కదా అని ఈరోజు వదిలేయకూడదు.

వ్యాయామాలు ఎవరైనా నేర్పగలరు. ఇప్పుడు ఫోన్‌లో వందల వీడియోలున్నాయి. వ్యాయామం ఈరోజు ఈ మనిషికి చేయించవచ్చా, ఎంతవరకు చేయించాలి, ఎక్కడ ఆపాలి, ఆపాక ఎవరికి ఏమని చెప్పాలి, ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం తెలిసినవాళ్లే మంచి పీటీఏ అవుతారు. విద్యార్థి చికిత్స ఆపేసి నా దగ్గరికి వచ్చి 'నాకేదో తేడాగా ఉంది, కొంచెం చూడండి' అంటే, చివరికి అక్కడ ఏమీ లేకపోయినా నేను మెచ్చుకుంటాను. ఆపినందుకు ఎవరూ విద్యార్థిని చిన్నబుచ్చకూడదు. ఒకసారి చిన్నబుచ్చితే రెండోసారి ఆపరు.

క్లినికల్స్ ఎలా ఉంటాయి? స్టైపెండ్ ఇస్తారా?

కోర్సులో దాదాపు నాలుగో వంతు క్లినికల్సే. సగటున 16 వారాలు పూర్తిస్థాయిలో, అంటే వారానికి 40 గంటల దాకా ఉంటుంది. ఒకే చోట కాకుండా ఆసుపత్రి, ఔట్‌పేషెంట్ క్లినిక్, వృద్ధుల నర్సింగ్ కేంద్రం లాంటి వేర్వేరు చోట్లకు పంపుతారు. డబ్బు ఇవ్వరు. పైగా పెట్రోలు, కొన్నిసార్లు దూరప్రాంతంలో బస ఖర్చు మీదే. వెళ్లే ముందు నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్ట్, హెపటైటిస్ బి, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాల రికార్డులు, టీబీ పరీక్ష, సీపీఆర్ సర్టిఫికెట్ అడుగుతారు. చిన్నప్పుడు ఇండియాలో వేసిన టీకాల కాగితాలు దొరక్కపోతే రక్తపరీక్ష ద్వారా రోగనిరోధకత చూపించవచ్చు. హెపటైటిస్ బి మూడు డోసులకు దాదాపు ఆరు నెలలు పడుతుంది కాబట్టి సీటు రాగానే మొదలుపెట్టండి.

టీబీ గురించి ఒక మాట. ఇండియాలో చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే టీబీ పరీక్షలో తప్పుగా పాజిటివ్ రావచ్చు. రక్తంతో చేసే పరీక్షకు బీసీజీ అడ్డు రాదు. అది చేయించుకోవచ్చేమో కాలేజీని అడగండి.

నేను క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరికి పీటీఏ విద్యార్థిని పంపుతామంటున్నారు. ఎలా నేర్పాలి?

ముందుగా, ఒప్పుకున్నందుకు చాలా థాంక్స్. క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లు దొరకడమే ఈ చదువుల్లో పెద్ద కష్టం. పీటీఏలు కూడా పీటీఏ విద్యార్థులకు ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండవచ్చు, కనీసం ఏడాది అనుభవం ఉంటే చాలు.

మొదటి వారం విద్యార్థిని చూస్తూ ఉండమనకండి. రోజుకు ఒక రోగి విషయంలోనైనా ఏదో ఒక చిన్న పని వాళ్ల చేతికి ఇవ్వండి. గోనియోమీటర్‌తో మోకాలు ఎంత వంగుతోందో కొలవడం, బీపీ చూడడం, నడిపించేటప్పుడు బెల్ట్ పట్టుకోవడం. చేస్తేనే భయం పోతుంది. తప్పు కనబడితే రోగి ముందు సరిదిద్దాల్సింది భద్రతకు సంబంధించినది మాత్రమే. మిగతావి రోగి వెళ్లాక చెప్పండి. సాయంత్రం ఇంటికి పోయే ముందు పది నిమిషాలు కూర్చుని 'ఈరోజు ఏ రోగి విషయంలో నీకు అనుమానం వచ్చింది?' అని అడగండి. అనుమానం రాలేదని వరుసగా చెబుతుంటే ఆ విద్యార్థి సరిగా చూడట్లేదన్నమాట. మూల్యాంకన ఫారం నింపడానికి చివరి రోజు దాకా ఆగకండి. మధ్యలోనే సమస్య కనిపిస్తే కాలేజీలోని క్లినికల్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. ఆలస్యంగా చెబితే విద్యార్థికి సరిదిద్దుకునే సమయం ఉండదు.

నా ఇంగ్లిష్ యాస ఇబ్బంది అవుతుందా?

యాస వల్ల ఫెయిలైనవాళ్లను నేను చూడలేదు. వేగం వల్ల ఇబ్బంది పడ్డవాళ్లను చాలామందిని చూశాను. చెవులు సరిగా వినబడని పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో, ఎదురుగా నిలబడి చెప్పాలి. అది ఇక్కడ పుట్టినవాళ్లు కూడా నేర్చుకోవాల్సిందే. రాతపని మాత్రం ముందునుంచీ సాధన చేయండి. ప్రతి చికిత్స తర్వాత సోప్ నోట్ రాయాలి. రోగి ఏమన్నారు, మీరు ఏం కొలిచారు, రోగి ఎలా స్పందించారు, తర్వాత ఏం చేయాలి. 'బాగా చేశారు' అని రాస్తే దానికి విలువ లేదు. వాకర్‌తో ఎంత దూరం నడిచారు, ఎంత సాయం అవసరమైంది, మధ్యలో ఎన్నిసార్లు ఆగారు అని రాయాలి.

లైసెన్స్ పరీక్ష గురించి చెప్పండి.

దాని పేరు ఎన్‌పీటీఈ. పీటీలకు, పీటీఏలకు పరీక్షలు వేరు. పీటీఏ పరీక్ష నాలుగు గంటలు, కంప్యూటర్ మీద, అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పెడతారు. స్కోరు 200 నుంచి 800 మధ్య ఉంటుంది, 600 వస్తే పాస్. ఏ రాష్ట్రంలో లైసెన్స్ తీసుకున్నా ఇదే పరీక్ష. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆ రాష్ట్రపు చట్టాల మీద ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంటుంది.

'ఒకసారి ఊరికే రాసి చూద్దాం' అనుకోవద్దు. పన్నెండు నెలల్లో మూడుసార్లకు మించి రాయనివ్వరు, జీవితంలో మొత్తం ఆరుసార్లే. 400 లేదా అంతకంటే తక్కువ స్కోరు రెండుసార్లు వస్తే ఇక అసలు రాయనివ్వరు. చదువు పూర్తయిన వెంటనే, క్లినికల్స్ ఇంకా చేతుల్లో ఉండగానే రాసేవాళ్లే ఎక్కువగా పాసవుతున్నట్టు నాకు కనిపిస్తోంది.

లైసెన్స్ వచ్చాక వేరే రాష్ట్రానికి మారితే పీటీ కాంపాక్ట్ అనే రాష్ట్రాల ఒప్పందంలో ఉన్న రాష్ట్రాల మధ్య పని చేసే హక్కు తేలికగా దొరుకుతుంది. కాంపాక్ట్‌లో లేని రాష్ట్రానికైతే అక్కడ మళ్లీ దరఖాస్తు చేయాలి, పరీక్ష మళ్లీ రాయనక్కర్లేదు.

ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేశాను. నేను కూడా పీటీఏ కోర్సు చేయాలా?

వెంటనే చేరిపోకండి. బీపీటీ చేసినవాళ్లకు పీటీ లైసెన్స్ మార్గమే ఉంది. మీ చదువు అమెరికాలో పీటీలు చేసే డీపీటీకి (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) సరితూగుతుందో లేదో ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థలు పరిశీలిస్తాయి, తక్కువైన సబ్జెక్టులు చెబుతాయి, అవి పూర్తి చేసుకుని పీటీ పరీక్ష రాయవచ్చు. అది పొడవైన దారే. కానీ మీరు ఇదివరకే చదివిన నాలుగున్నరేళ్లు వృథా కాకూడదు. విదేశీ పీటీలు పీటీఏగా లైసెన్స్ తీసుకునే మార్గం కొన్ని రాష్ట్రాల్లో విడిగా ఉంది. ముందు మీ రాష్ట్ర బోర్డుకు మెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. స్నేహితురాలికి వేరే రాష్ట్రంలో ఏం జరిగిందో మీకు వర్తించదు.

హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ల సంగతేమిటి?

హెచ్4 మీద చదువుకోవచ్చు. పని చేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, ఉండాలి. భర్త లేదా భార్య గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 (కంపెనీ పెట్టే గ్రీన్ కార్డు దరఖాస్తు) ఆమోదం లాంటి షరతులకు లోబడి 2015 నుంచి హెచ్4 ఈఏడీ ఇస్తున్నారు. లైసెన్స్ దరఖాస్తుల్లో చాలా రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. అది లేనివాళ్లకు ఏం చేస్తారో కోర్సులో చేరకముందే బోర్డును అడగండి. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్4 వాళ్లకు, ఎఫ్1 వాళ్లకు రాదు. హెచ్4 వాళ్లకు రాష్ట్రవాసుల ఫీజు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

ఎఫ్1 మీద వచ్చి, పీటీఏ చేసి, హెచ్1బీ తెచ్చుకుందాం అనుకునేవాళ్లకు నేను ఉన్నదున్నట్టు చెప్తాను. హెచ్1బీకి కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ అవసరమైన ఉద్యోగం కావాలి. పీటీఏకి అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి ఆ దారి సాధారణంగా మూసుకుపోయినట్టే. గ్రీన్ కార్డు విషయంలో పీటీలకు, నర్సులకు ఉన్న 'షెడ్యూల్ ఏ' (మనుషుల కొరత ఉన్న వృత్తుల జాబితా) వెసులుబాటు కూడా పీటీఏలకు లేదు. ఎవరైనా ఏజెంటు దీన్ని దాచి సీటు అమ్మితే నమ్మకండి. వీసా విషయాల్లో తుదిమాట ఇమ్మిగ్రేషన్ లాయర్‌దే.

జీతం ఎంత ఉంటుంది?

అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మే నాటికి పీటీఏల మధ్యస్థ వార్షిక వేతనం 64,080 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. ఎయిడ్‌లకు ఇందులో దాదాపు సగమే. ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే హోమ్ హెల్త్‌లో, నర్సింగ్ కేంద్రాల్లో సాధారణంగా ఎక్కువ ఇస్తారు, ఔట్‌పేషెంట్ క్లినిక్‌లలో తక్కువ.

ఒక నిబంధన మాత్రం తెలిసి ఉండాలి. 2022 జనవరి నుంచి పీటీఏ చేసిన ఔట్‌పేషెంట్ చికిత్సకు మెడికేర్ (పెద్దవయసువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మామూలు రేటులో 85 శాతమే చెల్లిస్తోంది. దీనివల్ల కొన్ని క్లినిక్‌లు పీటీఏలను తీసుకోవడానికి వెనకాడాయి. తర్వాత 2025 జనవరి నుంచి ప్రైవేటు క్లినిక్‌లలో పీటీ అదే భవనంలో ఉండాల్సిన అవసరం లేకుండా, ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలని మెడికేర్ సడలించింది. రాష్ట్ర చట్టం అంతకంటే గట్టిగా ఉంటే దాన్నే పాటించాలి. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'నాకు పీటీ ఎంతసేపు అందుబాటులో ఉంటారు, రోజుకు ఎంతమంది రోగులు' అని అడగండి. కొత్తగా చేరినవాళ్లకు జీతం కంటే ఈ రెండూ ముఖ్యమని నేననుకుంటాను.

తర్వాత పీటీ కావచ్చా?

కావచ్చు, కానీ పీటీఏ డిగ్రీ నేరుగా మెట్టు కాదు. అమెరికాలో పీటీ కావాలంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చేయాలి. అది బ్యాచిలర్స్ తర్వాత సుమారు మూడేళ్లు. పీటీఏలకోసమే పెట్టిన బ్రిడ్జ్ కోర్సులు దేశం మొత్తంలో చాలా కొద్ది. ఒహాయోలోని ఫిండ్లే యూనివర్సిటీది వాటిలో పేరున్నది. మొదటినుంచీ పీటీ కావాలనే ఉంటే బ్యాచిలర్స్ వైపు వెళ్లడమే నయం.

నాకు 42 ఏళ్లు. ఈ వయసులో చేయగలనా?

చేయగలరు. మా క్లాసుల్లో ఈ వయసువాళ్లు తరచుగా ఉంటారు, రోగులతో మాట్లాడటంలో వాళ్లే ముందుంటారు. ఒంటికి శ్రమ మాత్రం ఉంటుంది. రోజంతా నిలబడాలి, వంగాలి, మనుషులను లేపాలి. నడుం వంచకుండా మోకాళ్లు వంచి, రోగిని దగ్గరగా పట్టుకుని, వాళ్ల బలాన్నే వాడుకుంటూ లేపడం నేర్పుతాం. ఒక్కరి వల్ల కానప్పుడు రెండో మనిషిని పిలవడం కూడా నేర్పుతాం. మీకు ఇప్పటికే నడుం నొప్పి ఉంటే చేరే ముందే డాక్టర్‌కు చూపించుకోండి.

సీటు రావడానికి ఇంకా ఏడాది ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?

దగ్గర్లోని క్లినిక్‌కు, నర్సింగ్ కేంద్రానికి ఫోన్ చేసి పక్కన నిలబడి చూడ్డానికి అనుమతి అడగండి. చాలా కాలేజీలు దరఖాస్తుకు ఈ గంటలు అడుగుతాయి. అడగకపోయినా వెళ్లండి. ఔట్‌పేషెంట్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. పక్షవాతం వచ్చినవాళ్లు, కాలు తీసేసినవాళ్లు, జ్ఞాపకశక్తి తగ్గినవాళ్లు ఉండే చోటికి కూడా ఒకరోజైనా వెళ్లి చూడండి. అక్కడ ఉండగలననిపిస్తేనే ఈ కోర్సు. అనాటమీలో చేయి, కాలు కండరాలు ఎక్కడ మొదలై ఎక్కడ అంటుకుంటాయో, ఏ నరం వాటిని నడిపిస్తుందో ఇప్పుడే కంఠతా పట్టండి. మొదటి సెమిస్టర్‌లో కైనెసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడు చేయడం ఒకేసారి మీద పడతాయి. అప్పటికి కండరాల పేర్లు నోటికి వచ్చి ఉంటే మిగతాది నేర్చుకోవడానికి సమయం మిగులుతుంది. హెపటైటిస్ బి మొదటి డోసు కూడా ఈ నెలలోనే వేయించుకోండి.